అర ఎకరం అమ్మి బాబుకి సీటు కొనాలా, లోన్ తీసుకోవాలా? వెనక పాప చదువు కూడా ఉంది

అడిగినది: వైండింగ్‌షాపు_వదిన (ఖమ్మం)

నమస్తే అండీ. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, విసుక్కోకుండా చదవండి.

మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. జీతం 18 వేలు, వేసవి సెలవుల్లో అదీ సగమే. షాపు ఆదాయం నెలనెలా ఒకలా ఉండదు. ఫిబ్రవరి నుంచి మే దాకా బోరు మోటార్లు కాలుతూనే ఉంటాయి, అన్నం తినడానికి కూడా ఆయనకి తీరిక ఉండదు. వానలు పడ్డాయంటే షాపు ఖాళీ. ఫ్యాన్లు, మిక్సీలు తప్ప ఏమీ రావు, నెలకి 20 వేలు మిగిలితే గొప్ప. మా ఖర్మకి ఫీజులన్నీ సరిగ్గా ఆ జులై, ఆగస్టు నెలల్లోనే కట్టాలి. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 6 లక్షల లోపే.

బాబు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. ఈ రెండేళ్లకే మూడు లక్షలు దాటింది. బాగానే చదువుతాడు కానీ టాపర్ కాదు. కాలేజీలో పెడుతున్న పరీక్షల్ని బట్టి చూస్తే ఈఏపీసెట్‌లో 25 వేలు, 30 వేల మధ్య ర్యాంకు రావచ్చంటున్నారు. ఐఐటీ, ఎన్ఐటీ ఆశలు మాకు లేవు.

మొన్న దసరాకి ఒక కన్సల్టెన్సీ ఆయన ఇంటికే వచ్చాడు. హైదరాబాద్‌లో పేరున్న కాలేజీలో సీఎస్ఈ మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాడట. ముందు 10 లక్షలు కట్టాలి, దానికి రసీదు ఉండదు. ఏటా ఫీజు వేరే. డిసెంబర్‌లోపు అడ్వాన్స్ ఇస్తే ఎనిమిదిన్నరకి మాట్లాడతానన్నాడు. అప్పటి నుంచి మా ఆయనకి అదే ధ్యాస. బోనకల్లు వైపు అత్తగారి పేరు మీద ఎకరం పావు ఉంది. అందులో అర ఎకరం అమ్మేద్దాం అంటున్నారు. అత్తగారు కూడా సరే అన్నారు, మనవడంటే ప్రాణం.

పాప ఏడో తరగతి. తన సంగతేంటి అంటే "అప్పటికి ఏదో ఒకటి అవుతుందిలే" అంటారు. ఆ మాట నాకు బాగా తెలుసు. మా పుట్టింట్లో అన్నయ్య ఇంజనీరింగ్ అయ్యేసరికి డబ్బులైపోయాయి, నాకు ఊళ్లో డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ. అన్నయ్యని ఏమీ అనను. కానీ ఆ "అప్పటికి" ఎలా ఉంటుందో చూసినదాన్ని.

ఇప్పుడు మా దగ్గర ఉన్నవి: పాప పేరు మీద 2016లో తెరిచిన సుకన్య ఖాతా, నెలకి 2 వేలు వేస్తున్నాం, మూడు లక్షలు దాటింది. రిజిస్టర్డ్ కంపెనీలో 5 లక్షల చీటీ, 50 నెలలది, సగం దాకా కట్టాం, ఇంకా ఎత్తలేదు. మా ఆయన ఎల్‌ఐసీ పాలసీ ఒకటి 2029లో చేతికొస్తుంది. నా ఒంటి మీదవీ, బీరువాలోవీ కలిపి 12 తులాల బంగారం. షాపు మీద ముద్ర లోన్ నడుస్తోంది.

మా వీధిలో ఒకాయన "రెండు లక్షల లోపు ఆదాయం ఉన్నట్టు మీసేవలో సర్టిఫికెట్ తీసుకో, రీయింబర్స్‌మెంట్ వస్తుంది" అంటున్నాడు. మనసొప్పట్లేదు. సుకన్యలో డబ్బు పాపకి 18 నిండగానే మొత్తం తీసుకోవచ్చు కదా, అప్పటికి సరిపోతుందా? భూమి అమ్మాలా, లోన్‌కి వెళ్లాలా? ఇంట్లో రోజూ ఇదే గొడవ. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోదాడ_రైతు

భూమి ఉన్నది ఎందుకమ్మా, పిల్లలకే కదా. మంచి కాలేజీ అయితే క్యాంపస్‌లోనే ఉద్యోగం వస్తుంది, రెండేళ్లలో పోయిన అర ఎకరం మళ్లీ కొంటాడు. అప్పు అంటే బ్యాంకు వాళ్ల చుట్టూ తిరగలేక చస్తారు. నేనైతే అమ్మేస్తాను.

పాతలెడ్జర్

అమ్మా, నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చుని రిటైరైనవాణ్ణి. ఏటా జులై వచ్చిందంటే పాస్‌బుక్కులు, పట్టా కాగితాలు పట్టుకుని వచ్చే తండ్రుల్ని చాలామందిని చూశాను. అందరూ చెప్పేది మొదటి ఏడాది ఫీజు. నాలుగేళ్లకి మొత్తం ఎంత అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. మీరు లెక్కల టీచర్ కాబట్టి ముందు ఆ లెక్క వేద్దాం.

బ్రోకర్ చెప్పిన సీటు: ముందు 10 లక్షలు. అలాంటి కాలేజీల్లో కన్వీనర్ కోటా, అంటే ర్యాంకు మీద వచ్చే సీటు ఫీజే ఏడాదికి లక్షన్నర దాటింది, మేనేజ్‌మెంట్‌ది అంతకంటే తక్కువ ఉండదు. నాలుగేళ్లకి కనీసం 6 లక్షలు, హాస్టల్‌కి ఇంకో 4. మొత్తం 20 లక్షలు. ఇక మీ బాబు ర్యాంకుకి కన్వీనర్ కోటాలో ఓ మోస్తరు కాలేజీలో సీటు వస్తే, ఫీజు లక్ష చొప్పున 4, హాస్టల్ 4, మొత్తం 8 లక్షలు. ఖమ్మంలోనే ఉండి బస్సులో వెళ్లి చదివితే ఇంకా తక్కువ. ఆ 12 లక్షల తేడా అంటే పాప ఇంజనీరింగ్ మొత్తం అయిపోగా ఇంకా మిగులుతుంది. ఇంట్లో ముందు ఈ ముక్క చెప్పండి. భూమి మంచిదా లోన్ మంచిదా అన్నది తర్వాతి సంగతి.

పైగా రసీదు లేని డబ్బు. క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం మామూలు ఫీజు కాక విడిగా గుంజే డబ్బు వసూలు చేయకూడదని మన రాష్ట్రంలో 1983 నుంచి చట్టం ఉంది. రేపు సీటు తేడా వస్తే ఏ కాగితం పట్టుకుని అడుగుతారు? బ్యాంకు కూడా రసీదు లేనిదానికి పైసా ఇవ్వదు. పరీక్షే జరగలేదు, నోటిఫికేషన్ లేదు, డిసెంబర్‌లో అడ్వాన్స్ దేనికండీ? మెరుగైన ర్యాంకు వస్తే మీరు జారిపోతారని వాడి తొందర.

ఇప్పుడు లోన్. కన్వీనర్ కోటాలో, అంటే మెరిట్ మీద వచ్చిన సీటుకి ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వచ్చు, దానికి ప్రభుత్వ గ్యారంటీ పథకం ఉంది. 2024 నవంబర్‌లో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది. అందులో లిస్టు చేసిన కాలేజీలకైతే తాకట్టూ వద్దు, హామీదారూ వద్దు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకూ లోన్ మీద, చదివేటప్పుడూ ఆ తర్వాత ఏడాదీ 3 శాతం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. అయితే ఏటా లక్ష మందికే, అందులోనూ ప్రభుత్వ కాలేజీల పిల్లలకీ, టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సుల వాళ్లకీ ముందు. కాబట్టి వస్తే సంతోషం, వస్తుందని లెక్కలో రాసుకోకండి. కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే ముందు కాలేజీ ఆ లిస్టులో ఉందో లేదో చూసుకోండి.

ఏటా లక్షన్నర చొప్పున 6 లక్షలు తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10 శాతం. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది కంతు ఉండదు, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు, ఉచితం అనుకుంటారు. ఏమీ కట్టకుండా వదిలేస్తే ఐదేళ్లు పూర్తయ్యేసరికి 2 లక్షల 10 వేల వడ్డీ అసలుకి కలిసి 8 లక్షల 10 వేలు అవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకి 13,400 పైన. అదే వడ్డీ మాత్రం నెలనెలా కట్టుకుంటూ పోతే? మొదటి ఏడాది నెలకి 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత 5 వేలు. అప్పుడు బాబు ఉద్యోగంలో చేరాక కంతు 10 వేల లోపే. ఇలా కట్టేవాళ్లకి కొన్ని బ్యాంకులు ఒక శాతం వడ్డీ తగ్గిస్తాయి కూడా, అడగండి. షాపు నడిచే నాలుగు నెలల్లో ఏడాది వడ్డీ మొత్తం ఒకేసారి వేసేయచ్చు, నెలనెలా అవసరం లేదు.

బయట రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెస్తే నెలకి వడ్డీయే 12 వేలు. ఆ దారి మాత్రం వద్దు. అంతగా అవసరమైతే బీరువాలో బంగారం బ్యాంకులో పెట్టండి, ముప్పావలా అటూఇటూ పడుతుంది.

సుకన్య విషయంలో మీరు ఒకటి గమనించాలి. 18 నిండాక గానీ, పది పాసయ్యాక గానీ చదువుకి తీసుకునేది సగమే. అంతకుముందు మార్చి ఆఖరుకి ఉన్న నిల్వలో 50 శాతం, అదీ అడ్మిషన్ కాగితం, ఫీజు వివరం చూపిస్తే, ఆ ఫీజు ఎంతో అంత వరకే. మీరు ఖాతా తెరిచింది 2016 కాబట్టి 15 ఏళ్లు డబ్బు వేయాలి, పూర్తిగా చేతికొచ్చేది 2037లో. పాప కాలేజీలో చేరేసరికి ఇదే లెక్కన సుమారు 7 లక్షలు ఉంటుంది, అందులో మూడున్నర దాకా వాడుకోవచ్చు. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం ఉంది, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకం తప్ప అంత రేటు వేరే దేంట్లోనూ లేదు. వీలైతే ఎండాకాలం ఆదాయంలోంచి ఇంకొంచెం వేయండి. మీ ఆయన ఎంత బతిమాలినా అది మాత్రం ముట్టుకోకండి. అసలు బాబు ఫీజుకి ముట్టుకోవడానికి రూల్ కూడా ఒప్పుకోదు, అదొక అదృష్టం.

రెండు లక్షల సర్టిఫికెట్ మాట. షాపు మీద ముద్ర లోన్ ఉందన్నారు, అంటే అక్కడ ఆదాయం ఒకటి చూపించి ఉంటారు. రేపు ఎడ్యుకేషన్ లోన్‌కి ఐటీ రిటర్న్ అడుగుతారు. ఒకే ఇంటికి రెండు ఆదాయాలు కనిపిస్తే చిక్కు మీకే.

కాలేజీ_ఆఫీసు_గుమస్తా

సర్టిఫికెట్ గురించి ఇంకో మాట. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్కాలర్‌షిప్ ఫైళ్లు చూస్తాను. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు అయితేనే బీసీ, ఈబీసీ పిల్లలకి పూర్తి ఫీజు. ఆపైన ర్యాంకుకి 35 వేలే. మిగతాది ఇంట్లోంచి కట్టాల్సిందే. ఆ 35 వేలు కూడా ప్రభుత్వం నుంచి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. ఈలోగా చదువైపోతే బాకీ కడితేనే సర్టిఫికెట్లు అనే కాలేజీలు ఉన్నాయి. అర్హత ఉన్నవాళ్లకే ఇంత తిప్పలు. మీకు లేని అర్హత కోసం తంటాలు పడకండి. మేనేజ్‌మెంట్ సీటుకైతే రీయింబర్స్‌మెంట్ అసలే వర్తించదు, మీ వీధాయనకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

బట్టలకొట్టు_సూర్యాపేట

చెల్లెమ్మా, చీటీ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా వ్యాపారాలన్నీ చీటీల మీదే నడుస్తాయి కాబట్టి చెప్తున్నా. జూన్, జులైలో పాటకి వెళ్లావంటే మునిగిపోతావ్. ఆ నెలల్లో ప్రతివాడికీ ఫీజు, పుస్తకాలు, విత్తనాలు. పోటీలు పడి పాడతారు, 5 లక్షల చీటీకి లక్ష పోగొట్టుకుని ఎత్తేవాళ్లున్నారు. నీది సగం అయిపోయింది కదా, పాడాల్సినవాళ్లలో చాలామంది ముందే పాడేసి ఉంటారు. ఫిబ్రవరి, మార్చిలో ఎవరూ పెద్దగా లేని నెల చూసి పాడుకో, తక్కువ తగ్గింపుతో వస్తుంది. ఎత్తిన డబ్బు జులై దాకా బ్యాంకులో డిపాజిట్ వెయ్యి.

షూరిటీలు మాత్రం ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. చీటీ పాడాక షూరిటీ దొరక్క నెలలు ఆగినవాళ్లని చూశా. మీ స్కూల్లోవాళ్ల జీతాలకి కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా బంధువుల్లో ఉన్నారేమో చూడు.

డిప్లొమా_పిల్ల

అక్కా, నేను బాబు గురించి కాదు, మీ పాప గురించి రాస్తున్నా. మా నాన్న ఆటో నడుపుతారు. టెన్త్ అయ్యాక అందరూ ఇంటర్ హాస్టల్ అంటుంటే నేను పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈసీఈ చేరాను. మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ నేరుగా సెకండియర్‌లో చేరాను. టెన్త్ తర్వాత ఆరేళ్లకే బీటెక్ చేతిలో ఉంది, ఇంటర్ చదివినవాళ్లకీ అంతే. మీరు బాబు ఇంటర్‌కి పెట్టిన ఆ మూడు లక్షలు మా ఇంట్లో ఖర్చే కాలేదు. బీటెక్‌లో కూడా ఒక ఏడాది ఫీజు తగ్గింది.

కష్టం ఏమిటంటే సెకండియర్‌లో చేరగానే మ్యాథ్స్ మీద పడుతుంది, ఇంటర్ వాళ్లంత ప్రాక్టీస్ మనకి ఉండదు. కానీ ఇంట్లో లెక్కల టీచర్ ఉన్నప్పుడు మీ పాపకి ఆ భయం ఎందుకు? ల్యాబుల్లో మాత్రం మేమే ముందుండేవాళ్లం. ఇంకో దారి బాసర ట్రిపుల్ ఐటీ. టెన్త్ మార్కుల మీద ఆరేళ్ల కోర్సు, అక్కడే హాస్టల్. ప్రభుత్వ స్కూళ్ల పిల్లలకి వెయిటేజీ ఉంటుంది, ప్రైవేటులో చదివేవాళ్లకి పోటీ గట్టిగానే ఉంటుంది. పాపని ఇప్పుడే ఏమీ ఒత్తిడి చేయకండి, ఈ దారులు ఉన్నాయని మాత్రం తెలియనివ్వండి.

కోదాడ_రైతు

పెద్దాయన లెక్క చూశాక నా మాట వెనక్కి తీసుకోను గానీ, రసీదు లేదన్న సంగతి నేను సరిగ్గా చదవలేదు. రసీదు లేకుండా పది లక్షలంటే నేనూ ఇవ్వను.

వైండింగ్‌షాపు_వదిన

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. నిన్న రాత్రి పెద్దాయన గారి లెక్క కాగితం మీద వేసి మా ఆయన ముందు పెట్టాను. 20 లక్షలు, 8 లక్షలు అన్నవి పక్కపక్కన చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "హైదరాబాద్ కాలేజీ అయితే వాడికి ఇంగ్లీషు, స్నేహాలు అన్నీ వస్తాయి కదా" అన్నారు. ఆ మాటలో నిజం లేదని నేను అనను. కన్వీనర్ కోటాలోనే హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీ వస్తే పంపిద్దాం అన్నాను. ఒప్పుకున్నట్టే ఉన్నారు. కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేస్తే మా ఆయన ఎత్తడం మానేశారు, అదీ ఒక మంచి గుర్తే.

అత్తగారు మాత్రం అలిగారు. మనవడికి ఇద్దామంటే వద్దంటావేంటి అని. "మనవరాలికి ఇవ్వండి అత్తయ్యా, అప్పుడు అడ్డు చెప్పను" అన్నాను. దానికి ఇంకా జవాబు రాలేదు.

చీటీ ఫిబ్రవరిలో పాడదామని అనుకున్నాం. మొదటి ఏడాది ఫీజు, లాప్‌టాప్ ఆ డబ్బులోంచి, మిగతా సంవత్సరాలకి లోన్. మా తమ్ముడు పంచాయతీరాజ్‌లో చేస్తాడు, షూరిటీకి అడిగాను, సరే అన్నాడు. పెద్దాయన గారూ, ఒక్క సందేహం. మొదటి ఏడాది మేమే కట్టేసి, రెండో ఏడాది నుంచి లోన్ అడిగితే ఇస్తారా? లోన్ ఖమ్మంలో అడగాలా, కాలేజీ దగ్గర బ్రాంచిలోనా? మా ఆయన ముద్ర కంతులు కిందటి వానాకాలం రెండు ఆలస్యమయ్యాయి, దానికేమైనా అంటారా?

పాతలెడ్జర్

అంటారు. అప్పులు ఎలా కట్టారో చూపించే సిబిల్ రిపోర్టులో ఆ రెండూ కనిపిస్తాయి, ఎందుకంటే లోన్‌లో మీ ఆయన కూడా సహరుణగ్రహీతగా సంతకం పెట్టాలి. ఇప్పటి నుంచి జులై దాకా ఒక్క కంతు కూడా తేదీ దాటనివ్వకండి. మీ జీతం బ్యాంకులో పడుతుంటే మీరూ సంతకం చేయచ్చు, అది కొంత బలం.

రెండో ఏడాది నుంచి కూడా ఇస్తారు, కానీ నేనైతే మొదటి ఏడాదే నాలుగేళ్లకీ కలిపి మంజూరు చేయించుకోమంటాను. మంజూరైనంత మాత్రాన మొత్తం తీసుకోనక్కర్లేదు. ఏ ఏడాదికి ఎంత విడుదల చేయిస్తే దానికే వడ్డీ. మొదటి సెమిస్టర్ డబ్బు మాత్రం మీ చేతిలో ఉండాల్సిందే, ఎందుకంటే సీటు వచ్చాక ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే, లోన్ అంత తొందరగా రాదు. ఆ పనికి మీ చీటీ డబ్బు సరిగ్గా సరిపోతుంది.

ఖమ్మంలో మీకు ఖాతా ఉన్న బ్రాంచిలోనే అడగండి, దరఖాస్తు మాత్రం విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టండి, నంబరు ఉంటుంది. కాలేజీ నుంచి నాలుగేళ్ల ఫీజు వివరం హాస్టల్‌తో సహా లెటర్‌హెడ్ మీద తీసుకోండి, హాస్టల్ రాయకపోతే దానికి లోన్ రాదు. అలాట్‌మెంట్ ఆర్డర్, టెన్త్, ఇంటర్ మెమోలు, బాబు పాన్ కార్డు కావాలి. 18 నిండకపోయినా పాన్ ఇస్తారు, ఇప్పుడే అప్లై చేయండి, జులైలో దాని కోసమే చాలామంది ఆగిపోతారు. బ్రాంచిలో కుదరదంటే ఆ మాట కాగితం మీద ఇమ్మనండి. ఎడ్యుకేషన్ లోన్ తిరస్కరించాలంటే పై ఆఫీసు ఒప్పుకోవాలన్న నియమం ఉంది, కాగితం అడిగేసరికి చాలాసార్లు ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది.